పరుగెత్తే కుక్కకు బ్లాక్ అండ్ వైట్ ఫోటో: అపోహలు - వాస్తవాలు

పెంచుకున్న కుక్కకు ప్రత్యేకంగా ఫోటోలు తీయించుకునేవాళ్లు ఈమధ్య విజయవాడలో బాగా కనిపిస్తున్నారు. పుట్టినరోజు కేకు ముందు కూర్చోబెట్టి తీయమనేవాళ్లే ఎక్కువ. "పరుగెత్తుతుంటే తీయండి, బ్లాక్ అండ్ వైట్‌లో కావాలి" అనేవాళ్లు తక్కువే గానీ నాకు ఇష్టమైన పని అదే. ఈ పని గురించి కుక్కను పెంచేవాళ్లలో, కొత్తగా కెమెరా పట్టిన కుర్రాళ్లలో, పెళ్లిళ్లు తీసే సీనియర్లలో కూడా కొన్ని నమ్మకాలు పాతుకుపోయి ఉన్నాయి. అన్నిటికంటే పెద్దదానితో మొదలుపెడతాను.

అపోహ: రంగు తీసేస్తే ఏ ఫోటో అయినా బాగుపడుతుంది

ఎండ నడినెత్తిన ఉంది, వెనక చెత్తకుండీ వచ్చింది, కుక్క మట్టిలో కలిసిపోయింది. "ఏం కాదులే, బ్లాక్ అండ్ వైట్ చేసేద్దాం" అంటారు. దాంతో ఆ ఫోటోకు ఉన్న చివరి ఆసరా కూడా పోతుంది. పచ్చగడ్డి మీద గోధుమరంగు కుక్క విడిగా కనిపిస్తోందంటే అది రంగు తేడా వల్లే. రంగు తీసేశాక కుక్కను నేల నుంచి విడదీయడానికి మిగిలేది వెలుగు తేడా ఒక్కటే. గడ్డి, గోధుమ బొచ్చు వెలుగులో దాదాపు సమానం కాబట్టి రెండూ ఒకే బూడిదరంగులోకి దిగుతాయి. నిలబడిన కుక్క అయితే మొహం చూసి సర్దుకుంటాం. పరుగెత్తే కుక్కకు కాళ్లే ఫోటో. అవే గడ్డిలో కలిసిపోతే ఇక ఏం చూడాలి?

అందుకే ఫోన్ చేసినవాళ్లను నేను మొదట అడిగేది కుక్క రంగు. జాతి, వయసు ఆ తర్వాత. నల్ల లాబ్రడార్ అయితే వేసవిలో ప్రకాశం బ్యారేజీ దిగువన నీళ్లు తగ్గినప్పుడు బయటపడే ఇసుక. రాజపాళయం, పామరేనియన్ లాంటి తెల్లవాటికి గుంటూరు వైపు పత్తి మోళ్లు పీకేసిన నల్లరేగడి చేను. మన వీధుల్లో ఎక్కువగా ఉండే గోధుమరంగు ఊరకుక్కకు మాత్రం ఏ నేలా సరిగ్గా సరిపోదు. దానికి పొద్దున్నే ఎదురెండలో తీయాలి. సూర్యుడు కుక్క వెనక ఉంటే వీపు మీద, చెవుల అంచున, తోక మీద తెల్లటి గీత పడుతుంది. లేచిన దుమ్ము కూడా వెలిగి కుక్కకు, నేలకు మధ్య తెరలా నిలుస్తుంది.

ఇంకో పని కూడా చేయాలి. బట్టలు పాడైనా సరే నేల మీద పడుకోండి. నిలబడి తీస్తే కుక్క వెనక నేలే ఉంటుంది. కెమెరా కుక్క మోకాలి ఎత్తుకు దిగితే వెనకాల నీళ్లో ఆకాశమో వస్తాయి, నల్ల కుక్క నాలుగు కాళ్లూ స్పష్టంగా విడిపోతాయి. ఎడిటింగ్‌లో గంటసేపు కూర్చున్నా రాని తేడా ఇది.

గుంటూరు జిల్లాలో మిరపకాయలు ఆరబోసిన కళ్లంలో కుక్కను పరుగెత్తించి తీయమని అడిగేవాళ్లు కూడా ఉన్నారు. రంగులో కళ్లు చెదిరే చోటే. కానీ మామూలుగా బ్లాక్ అండ్ వైట్‌లోకి మారిస్తే ఎరుపు ముదురు బూడిదగా మారుతుంది, కళ్లం కాస్తా మట్టి కుప్పలా కనిపిస్తుంది. రైతు ఊరుకోడు. పైగా మనకే తుమ్ములు ఆగని చోట కుక్క ముక్కు ఏమవుతుందో ఆలోచించండి. నేను ఒప్పుకోను.

అపోహ: షట్టర్ స్పీడు ఎంత పెంచితే ఫోటో అంత బాగుంటుంది

షట్టర్ స్పీడు అంటే ఫోటో తీసేటప్పుడు షట్టర్ తెరిచి ఉండే సమయం. స్పీడు పెంచడమంటే ఆ సమయాన్ని తగ్గించడమే. చిన్న లెక్క చూడండి. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే కుక్క సెకనుకు 10 మీటర్లు వెళుతుంది. అంటే 1/250 సెకనులో 4 సెంటీమీటర్లు, 1/1000లో 1 సెంటీమీటరు, 1/2000లో అర సెంటీమీటరు. ఇది ఒంటి లెక్క. ముందుకు విసిరే పాదం ఒంటికంటే ఇంకా వేగంగా కదులుతుంది. నేల మీద ఆనిన పాదం మాత్రం ఆ క్షణానికి కదలకుండా ఉంటుంది. కాబట్టి కెమెరా కదపకుండా 1/500లో తీస్తే ఆనిన పాదం స్పష్టంగా, గాలిలో ఉన్న పాదాలు చెదిరినట్టు వస్తాయి. కొందరు దాన్ని పొరపాటు అనుకుంటారు గానీ, పరుగు కనిపించేది అక్కడే.

మొత్తం గడ్డకట్టినట్టు కావాలంటే 1/1600, 1/2000 పెట్టండి. వెంట్రుక వెంట్రుకా వస్తుంది. అయితే ఒక్కోసారి కుక్క పరుగెత్తుతున్నట్టు కాక, బొమ్మను గాల్లో వేలాడదీసినట్టు ఉంటుంది. దుమ్ము, నీటి తుంపర, ఇసుక లేస్తుంటేనే ఆ వేగం బాగుంటుంది.

నాకు నచ్చేది ప్యానింగ్. 1/30 నుంచి 1/60 మధ్య పెట్టి, పక్కగా వెళ్లే కుక్కతో పాటు కెమెరాను నడుము నుంచి తిప్పుతూ నొక్కాలి. తల స్పష్టంగా, వెనకదంతా అడ్డగీతలుగా వస్తుంది. రంగులో ఆ గీతల్లో ఎర్ర బకెట్టు, నీలం ఫ్లెక్సీ కూడా సాగి కంటికి అడ్డం వస్తాయి. బ్లాక్ అండ్ వైట్‌లో అవన్నీ బూడిద గీతలే కాబట్టి చూపు కుక్క మీదే ఉంటుంది. రంగు తీసేయడం వల్ల నిజంగా మేలు జరిగేది ఇలాంటి ఫోటోకే. పదిలో తొమ్మిది పోతాయి, టెన్షన్ పడకండి. ఎలక్ట్రానిక్ షట్టర్ మాత్రం ఆపేయండి. చాలా కెమెరాల్లో అది ఫ్రేమును పైనుంచి కిందికి వరసగా చదువుతుంది కాబట్టి ప్యానింగ్‌లో కరెంటు స్తంభాలు వాలిపోయి వస్తాయి.

అపోహ: బరస్ట్ మోడ్ పెట్టి వదిలేస్తే మంచి భంగిమ దానంతటదే దొరుకుతుంది

బరస్ట్ అంటే బటన్ నొక్కి పట్టుకుంటే కెమెరా వరసగా ఫోటోలు తీస్తూ పోవడం. కుక్క పూర్తి వేగంలో ఉన్నప్పుడు సెకనుకు మూడు, మూడున్నర అంగలు వేస్తుంది. సెకనుకు 10 ఫ్రేములు తీసే కెమెరాలో ఒక్కో అంగకు దక్కేది మూడు ఫ్రేములు. మీకు కావలసిన భంగిమ ఆ మూడింటి మధ్య జారిపోవడం మామూలే.

ఇక్కడ కాస్త చరిత్ర పనికొస్తుంది. 1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరసగా కెమెరాలు పెట్టి పరుగెత్తే గుర్రాన్ని తీశాడు. అంతకుముందు చిత్రకారులు గుర్రం ముందుకాళ్లు ముందుకు, వెనకకాళ్లు వెనక్కి చాపి గాలిలో తేలుతున్నట్టు వేసేవాళ్లు. గుర్రం గాలిలో ఉండేది కాళ్లు పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడేనని ఆ ఫోటోలతో తేలింది. కుక్క సంగతి వేరు. గ్రేహౌండ్, ముధోల్ లాంటి సన్నటి జాగిలాలు ఒక్కో అంగలో రెండుసార్లు నేలను వదులుతాయి. కాళ్లు బార్లా చాచినప్పుడు ఒకసారి, ముడుచుకున్నప్పుడు ఇంకోసారి. గుర్రం విషయంలో తప్పని తేలిన బొమ్మ కుక్క విషయంలో అక్షరాలా నిజం.

ఈ రెండిటిలో ఏది పట్టుకోవాలో కూడా కుక్క రంగే చెబుతుంది. నల్ల కుక్క కాళ్లు ముడిచినప్పుడు నాలుగు కాళ్లూ పొట్టా కలిసి ఒకే నల్ల ముద్దగా కనిపిస్తాయి. దానికి చాచిన భంగిమే సరైనది. తెల్ల కుక్కకు కాళ్ల మధ్య నీడలు పడతాయి కాబట్టి ముడుచుకున్న భంగిమ కూడా చక్కగా విడిపోతుంది. చూడ్డానికి అందులోనే బలం ఎక్కువ, విల్లు లాగి పట్టినట్టుంటుంది. యజమానులు మాత్రం ఎప్పుడూ చాచిందే ఎంచుకుంటారు.

అపోహ: కుక్కకు లోకమంతా బ్లాక్ అండ్ వైట్‌లోనే కనిపిస్తుంది

కనిపించదు. మన కంట్లో రంగును పట్టే కణాలు మూడు రకాలైతే కుక్క కంట్లో రెండు రకాలు. నీలం, పసుపు బాగానే తెలుస్తాయి. ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడానే సరిగా తెలియదు. ఫోటోగ్రాఫర్‌కు దీంతో నేరుగా పనుంది. పచ్చగడ్డిలో ఎర్ర బంతి విసిరితే మనకు టక్కున కనిపిస్తుంది, కుక్క మాత్రం సగం దూరం పరుగెత్తి ఆగి ముక్కుతో వెతకడం మొదలుపెడుతుంది. పరుగు అక్కడితో సరి. నీలం బంతి విసరండి, చూపు దాని మీదే పెట్టి చెవులు వెనక్కి వాల్చి దూసుకెళుతుంది. తర్వాత ఎడిటింగ్‌లో నీలం రంగు వెలుగును మార్చే స్లయిడర్ కాస్త జరిపితే బంతి గడ్డి బూడిదలో కలిసిపోతుంది, కుక్క ఒక్కటే మిగులుతుంది.

అపోహ: నల్ల కుక్కకు ఫోటోలో మొహం రాదు

వస్తుంది. ఎంత వెలుగు కావాలో కెమెరాకే వదిలేసే ఆటో ఎక్స్‌పోజర్‌ను నమ్ముకుంటేనే రాదు. తెల్లటి ఇసుక మీద నల్ల కుక్క చిన్నగా ఉంటే కెమెరా ఇసుకను చూసి మొత్తం చీకటి చేస్తుంది. అదే కుక్క దగ్గరికొచ్చి ఫ్రేము నిండితే ఆ నలుపును బూడిద చేద్దామని వెలుగు పెంచేస్తుంది. ఒక్క పరుగులోనే ఎక్స్‌పోజర్ ఇటూ అటూ ఊగుతుంది. మాన్యువల్‌లో పెట్టుకోండి. ఇసుక పూర్తిగా తెల్లబడిపోయే స్థాయికి కొంచెం ముందు వెలుగును ఆపితే బొచ్చు మీది మెరుపు దక్కుతుంది. పక్కనుంచి వెలుతురు పడితే భుజం కండలు కూడా తేలతాయి. నల్లరేగడి మీద తెల్ల కుక్కకు ఇబ్బంది దీనికి రివర్స్. చుట్టూ చీకటిగా ఉందని కెమెరా వెలుగు పెంచుతుంది, బొచ్చు సున్నం కొట్టినట్టు అయిపోతుంది. అలా పూర్తిగా తెల్లబడిపోయిన చోట వివరం ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ తిరిగి రాదు.

అపోహ: కెమెరాలో మోనోక్రోమ్ పెడితే రంగు శాశ్వతంగా పోతుంది

జేపెగ్ (కెమెరా కుదించి ఇచ్చే మామూలు ఫోటో ఫైలు) ఒక్కటే తీస్తే పోతుంది. రా (RAW) ఫైలుగా, అంటే సెన్సర్ పట్టినదాన్ని ఉన్నదున్నట్టు దాచే ఫైలుగా తీస్తే రంగంతా అందులోనే ఉంటుంది, తెర మీద మాత్రం బ్లాక్ అండ్ వైట్ కనిపిస్తుంది. నేను అలాగే పెట్టుకుంటాను. కుక్క నేలలో కలిసిపోతోందా లేదా అనేది అక్కడికక్కడే తెలుస్తుంది, చోటు మార్చుకోవచ్చు.

అపోహ: ఎడిటింగ్ అంటే శాచురేషన్ సున్నా, కాంట్రాస్ట్ వంద

శాచురేషన్ (రంగు గాఢత) సున్నా చేస్తే ఏ రంగు ఏ బూడిద అవ్వాలో సాఫ్ట్‌వేరే నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయం మీరు తీసుకోవాలంటే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో బ్లాక్ అండ్ వైట్ మిక్స్ ఉంది, ఫోన్‌లో స్నాప్‌సీడ్ యాప్ బ్లాక్ అండ్ వైట్‌లో రంగు ఫిల్టర్లున్నాయి. గోధుమరంగు కుక్కకు ఆరెంజ్ పెంచండి, కుక్క వెలుగుగా వస్తుంది. గడ్డిని ముదురు చేయాలని అందరూ గ్రీన్ తగ్గిస్తారు, పెద్దగా ఏమీ జరగదు. ఎండలో ఉన్న గడ్డి కెమెరాకు చాలావరకు పసుపు. పసుపు తగ్గిస్తే గడ్డి ముదురవుతుంది, కానీ కుక్క బొచ్చులో కూడా పసుపు ఉంటుంది కాబట్టి అది కూడా మసకబారుతుంది. అందుకే సబ్జెక్ట్ మాస్క్‌తో కుక్కను విడిగా పట్టుకుని, మిక్స్ చెడగొట్టినదాన్ని అక్కడ సరిచేయాలి. మాస్క్ తోక దగ్గర, మీసాల దగ్గర తప్పుతుంది, వాటిని చేత్తో దిద్దుకోవాలి.

నీలం స్లయిడర్‌ను పూర్తిగా కిందికి లాగి నల్లటి ఆకాశం తెప్పించే సరదా చాలామందికి ఉంది. ఆకాశంలో నాయిస్ (చుక్కలు చుక్కలుగా మచ్చలు) లేస్తుంది, బొచ్చు చుట్టూ తెల్లటి అంచు వస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో మీద చేస్తే గళ్లు గళ్లుగా విడిపోతుంది. జేపెగ్‌లో రంగు వివరాన్ని సాధారణంగా వెలుగు వివరం కంటే తక్కువగా భద్రపరుస్తారు, కారణం అదే.

కాంట్రాస్ట్ చివర్లో, అది కూడా నీడల్ని, వెలుగుల్ని విడివిడిగా సర్దే కర్వ్‌తో. క్లారిటీ పెంచితే కుక్క బొచ్చు ఇనుప పీచులా తయారవుతుంది. కళ్లు, ముక్కు చుట్టూ చిన్న బ్రష్‌తో వెలుగు పెంచి, వెనక ఉన్న తెల్ల మచ్చల్ని ఒక్కొక్కటిగా తగ్గించడమే అసలు పని.

అపోహ: గ్రెయిన్ వేస్తే పాత ఫిల్మ్‌లా వస్తుంది, నాయిస్ ఉంటే ఫోటో పోయినట్టే

రెండూ తప్పే. తక్కువ వెలుతురులో కెమెరా సున్నితత్వాన్ని పెంచే సెట్టింగు ఐఎస్ఓ. ఐఎస్ఓ 6400లో ఫోటోను నిజంగా పాడుచేసేది ఎర్రటి, ఆకుపచ్చటి చుక్కలు. రంగుతో పాటు అవి పోతాయి. మిగిలిన వెలుగు చుక్కలు చాలావరకు భరించదగ్గవే. కాబట్టి తెల్లవారుజామున షట్టర్ తగ్గించుకోవడం కంటే ఐఎస్ఓ పెంచుకోవడం మేలు. ఇక ఫిల్మ్ గ్రెయిన్, అంటే ఫిల్మ్ ఫోటోల్లో కనిపించే సన్నటి నలుసులు. 1954లో 35 ఎంఎం రీలుగా వచ్చిన కొడాక్ ట్రై-ఎక్స్ ఫిల్మ్ పేరుతో ప్రీసెట్లు (ముందే సిద్ధం చేసిన ఎడిటింగ్ సెట్టింగులు) దొరుకుతాయి గానీ, అవి వేసినంత మాత్రాన ఫోటో ఫిల్మ్‌లా అయిపోదు. గ్రెయిన్ వేయాలనుకుంటే ప్రింటు సైజు తేలాకే వేయండి. ముందే వేసి తర్వాత సైజు తగ్గిస్తే అది చెరిగిపోతుంది.

అపోహ: కుక్కే కదా, ఎంతసేపైనా పరుగెత్తుతుంది

మన ఏప్రిల్, మే ఎండల్లో అస్సలు వద్దు. కుక్క మనలా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడదు, ముఖ్యంగా రొప్పుతూ చల్లబడాలి. కాలే ఇసుక, సిమెంటు దాని పాదాలను బొబ్బలెక్కిస్తాయి. మీ అరచేతిని నేల మీద కాసేపు ఆనించలేకపోతే ఆ రోజుకు పని అయిపోయినట్టే. నాలుగైదు పరుగులు, నీళ్లు, నీడ. ఊరకుక్కల్ని బైకు వెనక పరుగెత్తించి తీయడం మరీ ఘోరం. ఎవరో ఒకరు కింద పడతారు, ఆ తర్వాత ఆ కుక్క దారిన పోయే ప్రతి బైకు వెంటా పడుతుంది.

అపోహ: తెర మీద బాగుంటే ప్రింటు కూడా అలాగే వస్తుంది

మన ల్యాబుల్లో బ్లాక్ అండ్ వైట్ కూడా చాలావరకు కలర్ పేపర్ మీదే ప్రింటవుతుంది. కాస్త తేడా వచ్చినా బూడిదలోకి పచ్చదనమో ఎర్రదనమో దిగుతుంది. తెర వెనకనుంచి వెలిగే వస్తువు, కాగితం కాదు, కాబట్టి నల్ల కుక్క వివరం ప్రింటులో ఇంకో మెట్టు మునిగిపోతుంది. నీడల్ని తెర మీద అవసరమనిపించిన దానికంటే కొంచెం ఎక్కువ తెరిచి పంపండి. ఫైలును ఎస్ఆర్‌జీబీ (sRGB) అనే మామూలు రంగుల పద్ధతిలోనే ఇవ్వండి, ఆర్డర్ మీద "కరెక్షన్ వద్దు" అని రాయించండి. పెద్ద సైజు చెప్పేముందు అదే పేపర్ మీద చిన్న ముక్క ఒకటి వేయించి, ట్యూబ్‌లైటు కింద కాకుండా వరండాలోకి తెచ్చి పగటి వెలుగులో చూడండి. పచ్చదనం కనిపిస్తే అక్కడే చెప్పండి, అప్పుడైతే ల్యాబువాళ్లు సరిచేసే ఇస్తారు.