రన్ అంటే పరుగొక్కటే కాదు

2005 ఏప్రిల్ 5న విశాఖపట్నం పి.ఎం.పాలెం స్టేడియంలో పాకిస్తాన్ మీద ధోని 123 బంతుల్లో 148 రన్స్ కొట్టాడు. అందులో 15 ఫోర్లు, 4 సిక్సర్లు. అంటే 84 రన్స్ బౌండరీలతోనే వచ్చాయి. వాటి కోసం వికెట్ల మధ్య పరిగెత్తాల్సిన పని లేదు, అయినా స్కోరుబోర్డు మీద అవీ రన్సే. క్రికెట్‌లో ఈ మాట ముందు నిజంగా పరుగే. తర్వాత పరుగును లెక్కపెట్టే అంకె అయింది. చివరికి పరుగు లేకపోయినా అంకె నిలిచింది. కొత్త అర్థాలు చాలావరకు ఇలాగే, పాత అర్థాన్ని ఆనుకుని పుడతాయి.

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ కోసం పీటర్ గిలివర్ ఈ ఒక్క మాట మీద దాదాపు తొమ్మిది నెలలు కూర్చున్నాడు. క్రియగానే 645 అర్థాలు తేలాయి. అంతకుముందు అర్థాల సంఖ్యలో ‘సెట్’ది పైచేయి. యంత్రాలు వచ్చాక ‘రన్’ దాన్ని దాటిపోయింది. ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఇంజనూ, ఉక్కు ఫ్యాక్టరీలో కన్వేయరూ, రుషికొండ ఐటీ ఆఫీసులో ప్రోగ్రామూ, అన్నీ ఇంగ్లిషులో ‘రన్’ అవుతాయి. అదే మాటకు తెలుగులో ఇంజనూ షాపూ నడుస్తాయి, ద్వారకా బస్ స్టేషన్ నుంచి బస్సు తిరుగుతుంది, జలుబు చేస్తే ముక్కు కారుతుంది.

అలాగని తెలుగు తక్కువ తినలేదు. మనకు ‘పట్టు’ ఉంది. చేపలు పడతాం, పిండి పట్టిస్తాం, గాజువాక వెళ్లడానికి గంట పడుతుంది, సముద్రపు గాలికి గేటు తుప్పు పడుతుంది. వీటిలో చాలావాటిలో ఏదో ఒకటి అంటుకోవడమో, చేతికి చిక్కడమో కనిపిస్తుంది. పట్టుచీరలోని పట్టు మాత్రం వేరే మాట, ధ్వని ఒకటే అయింది.

ఈ తేడాను మెదడు కూడా గమనిస్తుంది. జెన్నీ రాడ్, ఆమె సహ పరిశోధకులు 2002లో ఇంగ్లిషు మాటలతో చేసిన ప్రయోగాల్లో, ఒకదానికొకటి సంబంధమున్న అర్థాలు ఎక్కువగా ఉన్న మాటలను జనం త్వరగా గుర్తుపట్టారు. సంబంధం లేని అర్థాలున్న ‘బార్క్’ లాంటివి (కుక్క అరుపు, చెట్టు బెరడు) గుర్తుపట్టడానికి ఎక్కువ సమయం పట్టింది.

మరి సరైన అర్థాన్ని ఎలా ఎంచుకుంటాం? డేవిడ్ స్విన్నీ 1979లో చేసిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. ‘బగ్’ అంటే పురుగు, రహస్యంగా మాటలు వినే పరికరం కూడా. పురుగుల గురించి సాగే వాక్యంలో ఆ మాట వినిపించగానే తెర మీద ఒక పదం చూపించారు. ‘యాంట్’ (చీమ) అన్న పదాన్నే కాదు, ‘స్పై’ (గూఢచారి) అన్న పదాన్ని కూడా వినేవాళ్లు చురుగ్గా పోల్చుకున్నారు. అంటే రెండు అర్థాలూ ఒక్కసారే లేచాయి. మూడు అక్షరాల తర్వాత చూస్తే పురుగే మిగిలింది. ఇదంతా సెకను లోపే, మనకు తెలియకుండానే జరిగిపోతుంది.

ఎక్కువగా వాడే మాటలకే అర్థాలు ఎక్కువని 1945లోనే భాషా పరిశోధకుడు జార్జ్ జిఫ్ చూపించాడు. సందర్భం ఇంత వేగంగా దారి చూపుతుంటే ప్రతి పనికీ కొత్త మాట పుట్టించక్కర్లేదు. ఉన్న చిన్న మాటే సరిపోతుంది.

అందుకే స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుల్లో అర్థాల జాబితా బట్టీ పట్టించడం నాకు నచ్చదు. పిల్లలకు ‘రన్’ వెనక ఉన్న కదలికను ముందు చూపించి, ఇంజనూ షాపూ ముక్కూ అక్కడి నుంచే వచ్చాయని వాక్యాల్లో చెబితే, ఆరువందల అర్థాలకూ టెన్షన్ పడక్కర్లేదు.