అలుగుకి కట్టిన చేపల వల ఏం చేస్తుంది?

పడవ షికారుకీ చేపలు పట్టుకోవడానికీ కట్టుకున్న చిన్న ప్రైవేటు డ్యామ్‌ని 'హై హజార్డ్' వర్గంలో వేశారు, కట్టకి ఒక్క పగులు కూడా లేదే, ఎందుకలా అని ఒక పాఠకుడు అడిగారు. చాలామందికి ఉన్న అనుమానమే ఇది. అసలు హజార్డ్ వర్గం కట్ట ఎలా ఉందో చెప్పదు, అది తెగితే కింద ఎవరున్నారో చెబుతుంది. అమెరికా పద్ధతిలో ప్రాణాలు పోయే అవకాశం ఉంటే హై, ప్రాణాలకు ముప్పు లేకున్నా ఆస్తులకు గట్టి దెబ్బ తగిలేట్టయితే సిగ్నిఫికెంట్, నష్టం చాలావరకు యజమాని స్థలంలోనే ఆగిపోతే లో. దిగువన రెండు ఇళ్లు లేస్తే చాలు, కట్ట మీద మట్టిగడ్డ కూడా కదలకుండానే 'లో' డ్యామ్ 'హై' అయిపోవచ్చు.

అలాగని 'లో' అని రాసి ఉందని నిశ్చింతగా ఉండలేం. హవాయిలోని కవాయి దీవిలో 2006 మార్చి 14న తెగి ఏడుగురిని బలితీసుకున్న కా లోకో డ్యామ్ అప్పటికి 'లో' జాబితాలోనే ఉంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన విషయానికి వస్తాను, అలుగు, అంటే చెరువు నిండాక మిగులు నీళ్లు బయటికి పోయే దారి. సరదా కోసం కట్టుకున్న చెరువుకి ఒక చిక్కుంది. యజమానికి అది ఎప్పుడూ నిండుగా కనిపించాలి, చేపలు బయటికి పోకూడదు. అందుకని అలుగుకి అడ్డంగా వల కడతారు. వానకి కొట్టుకొచ్చిన ఆకులూ కొమ్మలూ ఆ వలకే చిక్కుకుంటాయి. అలుగు మీద ప్రవాహం నీటి ఎత్తుకి ఒకటిన్నర ఘాతంలో పెరుగుతుంది, అంటే ఎత్తు నాలుగు రెట్లయితే ప్రవాహం ఎనిమిది రెట్లు. కాబట్టి సగం వెడల్పు మూసుకుపోతే అదే వరద పోవడానికి నీటి ఎత్తు రెట్టింపు అవ్వక్కర్లేదు, దాదాపు 1.6 రెట్లయితే సరిపోతుంది. వినడానికి ఫర్వాలేదనిపిస్తుంది కదా? కానీ 60 సెంటీమీటర్లు ఉండాల్సిన నీళ్లు 95కి లేస్తాయి. కట్ట అలుగు కన్నా 90 సెంటీమీటర్లే ఎత్తుంటే నీళ్లు కట్ట మీదుగా పొర్లినట్టే. ముప్పాతిక మూసుకుపోతే ఎత్తు 150 దాటుతుంది.

మట్టికట్ట మీద పొర్లిన నీళ్లు ముందు పైభాగాన్ని కోస్తాయనుకుంటాం. చాలాసార్లు కోత మొదలయ్యేది కింద, వాలు మీదుగా దిగి వేగం పుంజుకున్న చోట. అక్కడ చిన్న మెట్టు లేస్తుంది. ఆ మెట్టు పునాది కోసుకుపోయి పైమట్టి విరిగిపడుతుంది, మెట్టు ఒక అడుగు వెనక్కి జరుగుతుంది, మళ్లీ విరుగుతుంది, అలా చెరువు వైపు తినుకుంటూ వస్తుంది. కట్టకి చెరువు వైపు అంచు తెగేదాకా పైనుంచి చూసేవాళ్లకి పలచగా పారే నీళ్లే కనిపిస్తాయి. తెగాక ఆ ఒకటిన్నర ఘాతమే శత్రువవుతుంది, గండిలో నీటి లోతు నాలుగు రెట్లయితే ప్రతి మీటరు వెడల్పులోనూ ప్రవాహం ఎనిమిది రెట్లు.

1889 మే 31న పెన్సిల్వేనియాలో సౌత్ ఫోర్క్ డ్యామ్ ఇలాగే పోయింది. అది ధనికుల ఫిషింగ్ క్లబ్బు చెరువు. అలుగుకి చేపల కోసం జాలీలు బిగించారు, వాటికి చెత్త పట్టేసింది. నీటిని కిందికి వదిలే ఇనుప గొట్టాలను అంతకు ముందే పీకేశారు, కట్ట పైభాగాన్ని కూడా కొంత తగ్గించేశారు. దిగువన జాన్స్‌టౌన్‌లో, ఆ దారిలో కలిపి 2,200 మందికి పైగా చనిపోయారు.

"ఇన్నేళ్లు నిలబడింది, ఇంకేం కాదులే" అనే మాట వింటే నాకు టెన్షన్. అది లెక్క కాదు, నమ్మకం. బడిలో కూడా 'వందేళ్ల వరద' అంటే వందేళ్లకోసారి వచ్చేదన్నట్టు చెబుతారు, అది తప్పు. ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి అని దాని అర్థం. అంటే ముప్పై ఏళ్లలో ఒక్కసారైనా రావడానికి 26 శాతం అవకాశం.

అందుకే ఆ పాఠకుడికి నేను చెప్పేది, ముందు వల తీసేయండి, తూము తెరుచుకుంటోందో లేదో చూడండి. తర్వాత కట్ట దిగువ వాలు అడుగున నడవండి. ఊట తేటగా ఉంటే బకెట్ పెట్టి ఎన్ని నిమిషాల్లో నిండుతోందో వారం వారం రాసుకోండి. ఆ ఊటలో మట్టి కనిపించిన రోజు మాత్రం ఆగొద్దు, లోపల కట్టే కరుగుతోందని అర్థం. వెంటనే దిగువ ఇళ్లవాళ్లకి చెప్పి, ఇంజనీరుకి ఫోన్ చేయండి.