కరెంటు బిల్లు, స్టార్ స్టిక్కర్, స్లాబ్ వేడి: కర్నూలులో నాకు రోజూ వినిపించే అపోహలు

కర్నూలులో ఇళ్లకు వైరింగ్, లోడ్ లెక్కలు, సోలార్ పనులు చేస్తుంటాను. ఎండాకాలం బిల్లు రాగానే ఫోన్లు మొదలవుతాయి. అడిగేవి మాత్రం ఏటా దాదాపు అవే, అందుకే ఒకచోట రాసి పెడుతున్నా.

అపోహ: "225 దాటితే మొత్తం యూనిట్లకీ పెద్ద రేటే వేస్తారు."

ఒకప్పుడు ఇందులో కొంత నిజం ఉండేది, వాడకాన్ని బట్టి ఇంటిని ఒక గ్రూపులో పెట్టి ఆ గ్రూపు రేట్లు వేసేవాళ్లు. 2022 ఏప్రిల్ నుంచి గ్రూపులు తీసేశారు. మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయల చొప్పున, 75 వరకు 3, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75. నెలకు 300 యూనిట్లు వాడే ఇల్లు తీసుకోండి: మొదటి 125 యూనిట్లకు 417 రూపాయలు, చివరి 75 యూనిట్లకే 656. ఫిక్స్‌డ్ ఛార్జీలు, ట్రూఅప్ (కరెంటు కంపెనీలకు ముందు అనుకున్నదానికన్నా ఎక్కువైన ఖర్చును తర్వాత బిల్లులో వేసేది) వేరే అనుకోండి. మీరు తగ్గించే ప్రతి యూనిటూ పైమెట్టు నుంచే పోతుంది. చాలామంది మొత్తం బిల్లును యూనిట్లతో భాగించి సగటు మీద లెక్కేసుకుని, పొదుపులో ఏముందిలే అని వదిలేస్తారు.

అపోహ: "ఫ్యాన్ ఎంత కాలుస్తుందిలే, ఏసీ ఆపితే చాలు."

పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు, తక్కువ కరెంటు తాగే కొత్తరకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్‌ది 30 అటూఇటూ. రోజుకు 15 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాన్ మీద నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. పైన చెప్పిన 300 యూనిట్ల ఇంట్లో మూడు మారిస్తే 60 యూనిట్లు, అవన్నీ 8.75 రేటువే, అంటే 525 రూపాయలు. అదే 100 యూనిట్ల ఇల్లయితే ఒక ఫ్యాన్‌కు మిగిలేది 90 రూపాయలే, అలాంటి వాళ్లకు పాతది పాడయ్యేదాకా ఆగమనే చెప్తా. మార్చేటప్పుడు పాత రెగ్యులేటర్ తీసేయించండి, దాని మీద నడిపితే ఫ్యాన్ లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు పోతుంది. 2014లో పాత బల్బు తీసుకుని పది రూపాయలకే ఎల్ఈడీ ఇచ్చిన తొలి జిల్లాల్లో పక్కనున్న అనంతపురం ఒకటి, బల్బుల సంగతి అట్లా తేలిపోయింది. ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది మాత్రం 2023 జనవరిలో.

అపోహ: "ఫైవ్ స్టార్ అంటే ఫైవ్ స్టారే."

స్టిక్కర్ మీద ఏడాది చూడండి. 2022 జూలైలో ఏసీల రూల్ బిగించినప్పుడు పాత ఫైవ్ స్టార్ కాస్తా ఫోర్ స్టార్ అయిపోయింది. లేబుల్ మీది యూనిట్లు ఏడాదికి 1600 గంటల వాడకానికి వేసిన లెక్క, మీరు ఎన్ని గంటలు వేస్తారో దాన్నిబట్టి సరిచేసుకోండి. ఇక ఏసీని 18 డిగ్రీల్లో పెడితే గది త్వరగా చల్లబడుతుందనేది ఉత్త మాట.

అపోహ: "ప్లాన్ అప్రూవల్ వచ్చిందంటే ఇల్లు రూల్ ప్రకారం చల్లగా ఉంటుంది."

నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. ఇళ్ల కోసం కేంద్రం 2018లో ఎకో నివాస్ సంహిత అనే కరెంటు పొదుపు కోడ్ తెచ్చింది. పైకప్పు నుంచి దిగే వేడికి అందులో పరిమితి 1.2 (లోపలికీ బయటికీ ఒక్కో డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు ఇన్ని వాట్లు అని లెక్క), ఏమీ చేయని మామూలు స్లాబ్‌కు అది 3 దాటుతుంది. కానీ ఆ కోడ్ రాసింది 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాలకు. మూడు సెంట్లలో కట్టుకునే వాళ్లను అడిగే నాథుడే లేడు. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ (ఎండను వెనక్కి కొట్టే పైకప్పు) పాలసీ తెచ్చి 600 గజాలు దాటిన ఇళ్లకు తప్పనిసరి చేసింది, అక్కడా చిన్న ఇల్లు యజమాని ఇష్టమే. మన పాత మిద్దెల్లో దూలాలు, దంతెలు, వాటి మీద మందంగా చౌడు మట్టి ఉండేవి, మధ్యాహ్నం ఎండ లోపలికి దిగడానికి చాలా టైమ్ పట్టేది. ఇప్పటి స్లాబ్ సాయంత్రానికి నిప్పుల కుంపటి, రాత్రంతా ఏసీ ఆ కుంపటితోనే కొట్లాడుతుంది. అందుకే టన్ను ఏసీ చాలా, ఒకటిన్నర కావాలా అని అడిగితే ముందు మిద్దె మీద తెల్ల సున్నమో కూల్ పెయింటో కొట్టించమంటా. సున్నమైతే ఏటా ఉగాదికి ముందు మళ్లీ కొట్టాల్సిందే, దుమ్ము పడితే పనిచేయదు.

అపోహ: "ఏమన్నా, మన దగ్గరే అంత సోలార్ పెట్టినారు గదా, మన బిల్లు తగ్గేదెప్పుడు?"

గని, శకునాల అనే ఊళ్ల దగ్గరున్న 1000 మెగావాట్ల సోలార్ పార్కు కరెంటు గ్రిడ్‌లోకి పోతుంది, రేటు రాష్ట్రమంతా ఒకటే. ఆ రేట్లు ఖరారు చేసే ఈఆర్‌సీ (విద్యుత్ నియంత్రణ మండలి) ఆఫీసు మాత్రం 2023లో మన ఊరికే వచ్చింది. డిస్కంలు, అంటే ఇళ్లకు కరెంటు ఇచ్చే కంపెనీలు, ఏటా కొత్త రేట్ల ప్రతిపాదనలు పెట్టినప్పుడు ఎవరైనా అభ్యంతరం రాసివ్వొచ్చు, ఇచ్చేవాళ్లే తక్కువ.

అపోహ: "సోలార్ పెట్టుకుంటే పొదుపు అక్కర్లేదు."

కిలోవాట్‌కు నెలకు సుమారు 120 యూనిట్లు వస్తాయి. ఫ్యాన్లు మార్చి, మిద్దెకు తెల్లరంగు వేసి 300ను 230కి దించుకుంటే మూడు కిలోవాట్ల బదులు రెండు సరిపోతాయి. ఇంటి మీద సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకంలో రెండు కిలోవాట్లకు 60,000, మూడింటికి 78,000, మూడు దాటితే ఒక్క రూపాయి పెరగదు. దరఖాస్తు చేసేముందు పన్నెండు నెలల బిల్లులూ ముందేసుకోండి, మే నెల బిల్లొక్కటే చూసి ఐదు కిలోవాట్లు పెట్టమనే ఏజెంటును అక్కడి నుంచే పంపించేయండి.