పాత ల్యాప్‌టాప్‌లో కొత్త విండోస్: అపోహలు – వాస్తవాలు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అప్పటి నుంచి అనంతపురంలో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే మాలాంటివాళ్ల దగ్గరికి భయంతో వచ్చేవారు ఎక్కువయ్యారు. అన్న చదువు పూర్తయ్యాక వదిలేసిన ల్యాప్‌టాప్‌తో జేఎన్‌టీయూలో చేరిన తమ్ముడు వస్తాడు. ధర్మవరం నుంచి పట్టుచీరల డిజైన్లు గీసేవారు వస్తారు. పల్లెల్లో ఆన్‌లైన్ సేవా కేంద్రాలు నడుపుకునేవారు వస్తారు. ల్యాప్‌టాప్ ఇక పనికిరాదని ఎవరో చెప్పారని, కొత్తది కొనడానికి అప్పు చేయాల్సి వస్తుందని దిగులు పడతారు. విండోస్ 11కు మద్దతు లేదంటే ఆ మోడల్‌కు కంపెనీ పూచీ ఇవ్వదని అర్థం. యంత్రం పనిచేయదని కాదు. అప్పు చేసేముందు అసలు లోపం ఎక్కడుందో చూపించుకోవడం ప్రతి ఒక్కరి హక్కు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: "ఈ కంప్యూటర్ విండోస్ 11కు సరిపోదు" అని తెరపై వస్తే ల్యాప్‌టాప్ పని అయిపోయినట్టే.

వాస్తవం: ఆ సందేశం కిందే కారణం కూడా రాసి ఉంటుంది, దాన్ని చదవాలి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పీసీ హెల్త్ చెక్ అనే ప్రోగ్రాం ఇంకా వివరంగా చెబుతుంది. సాధారణంగా మూడు కారణాల్లో ఒకటి కనిపిస్తుంది: ప్రాసెసర్ పాతది కావడం, టీపీఎం 2.0 (రహస్య కీలను భద్రపరిచే భాగం) కనిపించకపోవడం, లేదా ల్యాప్‌టాప్ పాత లెగసీ పద్ధతిలో బూట్ (స్టార్ట్) అవుతూ ఉండడం. మొదటిదాన్ని మార్చలేం. మిగిలిన రెండూ చాలాసార్లు బయోస్‌లోని (విండోస్ కంటే ముందే నడిచే మూల ప్రోగ్రాంలోని) సెట్టింగులు మాత్రమే.

ప్రాసెసర్ ఏ తరానిదో మీరే చూసుకోవచ్చు. ఐ5-8250యు అని ఉంటే ఎనిమిదో జనరేషన్, ఐ3-7020యు అంటే ఏడో జనరేషన్. ఇంటెల్‌లో కొన్ని మినహాయింపులు తప్ప ఎనిమిదో జనరేషన్ నుంచే విండోస్ 11కు అధికారికంగా అర్హత ఉంది. ఎనిమిదో జనరేషన్ ల్యాప్‌టాప్ కూడా "టీపీఎం లేదు" అని చూపిస్తోందంటే చాలావరకు బయోస్‌లో ఆ సెట్టింగ్ ఆపేసి ఉందన్నమాటే. ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో అది పీటీటీ అనే పేరుతో, ఏఎండీ వాటిలో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో ఉంటుంది. ఆన్ చేస్తే సరిపోతుంది, పైసా ఖర్చు లేదు.

లెగసీ నుంచి యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతికి మార్చడంలో మాత్రం తొందర పనికిరాదు. డిస్కు పాత ఎంబీఆర్ పద్ధతిలో విభజించి ఉండగా బయోస్‌లో మీట మార్చేస్తే, తర్వాతిసారి "బూట్ అయ్యే డిస్కు లేదు" అని వస్తుంది. డిస్కు పోయిందనుకుని చాలామంది అక్కడే ఫార్మాట్ చేయిస్తారు. పెళ్లి ఫోటోలు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ పోతాయి. నిజానికి ఆ మీటను వెనక్కి తిప్పితే పాత విండోస్ మళ్లీ తెరుచుకుంటుంది. అప్పుడు విండోస్‌లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ అనే సాధనంతో, ఫైళ్లు పోకుండా డిస్కును కొత్త జీపీటీ పద్ధతిలోకి మార్చి, ఆ తర్వాతే బయోస్ జోలికి వెళ్లాలి. మన దగ్గర డిస్కును సీ, డీ, ఈ, ఎఫ్ అని ముక్కలు చేయించుకునే అలవాటు ఎక్కువ. ప్రైమరీ భాగాలు నాలుగు ఉన్నా, లాజికల్ భాగాలు ఉన్నా ఈ సాధనం ముందుకు వెళ్లదు. వాటిలో ఉన్నవన్నీ బయటి డిస్కులోకి తీసి, భాగాలు తగ్గించాకే పని మొదలుపెట్టాలి.

మరో జాగ్రత్త: డిస్కుకు బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ అనే తాళం ఉన్నప్పుడు బయోస్‌లో టీపీఎం సెట్టింగులు మారిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే మీ ఫైళ్లు ఏ దుకాణదారుడూ తెచ్చివ్వలేడు, నేనూ తెచ్చివ్వలేను. ఆ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ముందే చూసి కాగితం మీద రాసిపెట్టుకోండి. బయోస్ మార్చేముందు బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా నిలిపివేయండి.

అపోహ: రూఫస్ అనే ప్రోగ్రాంతో విండోస్ 11 పెన్ డ్రైవ్ తయారు చేసి ఎక్కించేస్తే ఇక అన్నీ మామూలే.

వాస్తవం: ఎక్కుతుంది. రూఫస్‌లో టీపీఎం, సెక్యూర్ బూట్ తనిఖీలను తప్పించే వీలుంది. ఆరో, ఏడో జనరేషన్ ల్యాప్‌టాప్‌లలో విండోస్ 11 చక్కగా నడుస్తుంది కూడా. కానీ ఇలా ఎక్కించినవాటికి అప్‌డేట్లు అందుతాయనే హామీ లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది. నెలనెలా వచ్చే భద్రతా అప్‌డేట్లు ఇప్పటివరకైతే మామూలుగా వస్తూనే ఉన్నాయి. ఏటా వచ్చే పెద్ద వెర్షన్ మాత్రం దానంతట అది రాదు. హోమ్, ప్రో ఎడిషన్లలో ఒక్కో వెర్షన్‌కు మద్దతు 24 నెలలే. 22హెచ్2కు 2024 అక్టోబర్‌లో, 23హెచ్2కు 2025 నవంబర్‌లో గడువు తీరింది. "విండోస్ 11 ఉంది కదా" అనే ధీమాతో ఉండి, లోపల గడువు తీరిన 22హెచ్2తో బ్యాంకు లావాదేవీలు చేస్తున్నవారు చాలామంది. స్టార్ట్ మెనూలో విన్‌వెర్ అని ఇంగ్లీషులో టైప్ చేస్తే మీ వెర్షన్ కనిపిస్తుంది. పాతదైతే కొత్త ఐఎస్ఓ (విండోస్ ఇన్‌స్టాల్ ఫైలు) దించుకుని మళ్లీ చేత్తో ఎక్కించాల్సిందే. ఏటా ఈ పని ఉంటుందని ఒప్పుకున్నవారికే నేను ఇలా వేసి ఇస్తాను.

ఏ చిట్కాకూ లొంగని హద్దు కూడా ఒకటుంది. 24హెచ్2 నుంచి విండోస్ కెర్నల్‌కు (దాని గుండెకాయ లాంటి భాగానికి) పాప్‌కౌంట్, ఎస్ఎస్ఈ4.2 అనే ప్రాసెసర్ ఆదేశాలు తప్పనిసరి. కోర్ 2 డ్యుయో ప్రాసెసర్లలో అవి లేవు. ఇది దాటవేయగలిగే తనిఖీ కాదు. ఆ ఆదేశాలు లేని ప్రాసెసర్‌పై విండోస్ బూటే అవదు. ఆ కాలపు ల్యాప్‌టాప్‌తో వచ్చేవారికి ఆశ చూపించి డబ్బు తీసుకోవడం అన్యాయం.

ఐఎస్ఓను మైక్రోసాఫ్ట్ సైటు నుంచే దించుకోండి. "ముందే యాక్టివేట్ చేసినది", "తేలిక చేసినది" అంటూ చేతులు మారే పెన్ డ్రైవ్‌లలో ఏం కలిపారో ఎవరికీ తెలియదు. వాటిని నేను ముట్టుకోను.

అపోహ: స్లో అయిందంటే విండోస్ పాతబడింది. ఫార్మాట్ చేసి కొత్తది వేస్తే పరుగెడుతుంది.

వాస్తవం: ఈ ఒక్క నమ్మకం వల్ల పోయినంత డబ్బు, పోయినన్ని ఫైళ్లు మరి దేనివల్లా పోలేదు. ఓఎస్‌ను (విండోస్ లాంటి మూల సాఫ్ట్‌వేర్‌ను) అనేముందు చూడాల్సినవి రెండు: డిస్కు, వేడి.

టాస్క్ మేనేజర్ తెరవండి. ఏ పనీ చేయకుండానే డిస్కు 100 శాతం దగ్గర నిలబడి ఉంటే, లోపల నిమిషానికి 5400 చుట్లు తిరిగే హార్డ్ డిస్కు ఉండే అవకాశం ఎక్కువ. దానిపై ఏ కొత్త ఓఎస్ వేసినా నత్తనడకే. దాని స్థానంలో సాటా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) వేస్తే ఐదో జనరేషన్ ఐ3 కూడా రోజువారీ పనికి హాయిగా సరిపోతుంది. డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో ప్రోగ్రాంలో పసుపు రంగుతో "కాషన్" అని కనిపిస్తే వరుస మారాలి. ముందు ఫైళ్లు బయటికి తీయాలి, ఆ తర్వాతే మిగతా పనులు. చదవలేని సెక్టార్లున్న డిస్కుపై ఫార్మాట్ మొదలుపెట్టడమంటే ఉన్న ఆశను కూడా తుడిచేయడమే.

ఇక వేడి. ఏప్రిల్, మే నెలల్లో మన అనంతపురంలో 40 డిగ్రీలు దాటడం మామూలే. ప్రాసెసర్ వేడి 100 డిగ్రీల దగ్గరికి చేరితే అది కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. వాడేవారికి మాత్రం "కొత్త విండోస్ వేయించాక స్లో అయింది" అనిపిస్తుంది. అడుగు మూత విప్పి చూడండి. ఫ్యాను గాలిని బయటికి నెట్టేచోట సన్నని రాగి రెక్కలుంటాయి. ఫ్యానును తీస్తే దానికీ ఆ రెక్కలకూ మధ్య, చూపుడు వేలంత పొడవున, బూడిద రంగు దుమ్ము పొర బట్టముక్కలా పట్టేసి ఉంటుంది. మగ్గాలున్న ఇంటి ల్యాప్‌టాప్ అయితే అందులో పట్టు పోగులు కూడా మెరుస్తుంటాయి. బయటి నుంచి బ్లోయర్ కొడితే అది కదలదు. పట్టకారుతో పట్టి లాగితే ఒక్క ముక్కగా వస్తుంది. ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది రాస్తే, చాలా ల్యాప్‌టాప్‌లకు ఇక వేరే వైద్యం అక్కర్లేదు.

అపోహ: బ్లూ స్క్రీన్ వచ్చిందంటే కొత్త ఓఎస్ ఈ ల్యాప్‌టాప్‌కు పడలేదని అర్థం.

వాస్తవం: నీలి తెర కింద ఒక స్టాప్ కోడ్ ఉంటుంది. కొత్త వెర్షన్లలో తెర నల్లగా వస్తుంది, కోడ్ మాత్రం అందులోనూ ఉంటుంది. దాన్ని ఫోటో తీసి తీసుకురండి. "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అని ఉంటే బయోస్‌లో సాటా మోడ్ (డిస్కుతో మాట్లాడే పద్ధతి) మారిందేమో మొదట చూస్తాం. బయోస్‌ను రీసెట్ చేసినప్పుడు ఆర్ఏఐడీ నుంచి ఏహెచ్‌సీఐకి, లేదా అటు నుంచి ఇటు మారిపోతుంటుంది. పాత స్థితికి తెస్తే విండోస్ తెరుచుకుంటుంది.

డిజైన్ సాఫ్ట్‌వేర్లతో వచ్చే చిక్కు వేరు. జకార్డ్ డిజైన్లకు వాడే కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు యూఎస్‌బీ డాంగిల్ (లైసెన్స్ తాళంలా పనిచేసే చిన్న పరికరం) ఉంటేనే తెరుచుకుంటాయి. విండోస్ 11లో మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ ఆన్‌లో ఉంటే ఆ డాంగిల్ తాలూకు పాత డ్రైవర్‌ను (పరికరాన్ని విండోస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్‌ను) లోడ్ కానివ్వకపోవచ్చు. డాంగిల్ పాడైందనుకుని బెంగపడతారు. విండోస్ సెక్యూరిటీలో, కోర్ ఐసొలేషన్ కింద, అడ్డుపడుతున్న డ్రైవర్ పేరు కనిపించవచ్చు. డాంగిల్ కంపెనీ కొత్త డ్రైవర్ ఇస్తే అది వేయడం సరైన మార్గం. రక్షణను ఆపేయడం చివరి మార్గం, అదీ ఆ యంత్రాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచగలిగితేనే.

వైఫై కనిపించకపోతే కంగారు వద్దు. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది. ల్యాప్‌టాప్ తయారీదారు సైటులో మీ మోడల్ నంబరుకు ఉన్న విండోస్ 10 డ్రైవర్లు 11లోనూ చాలావరకు పనిచేస్తాయి. డ్రైవర్లన్నీ ఒకేసారి వేస్తామనే ప్రోగ్రాంల జోలికి వెళ్లకండి.

అపోహ: "సైటు సురక్షితం కాదు" అని ప్రతి పేజీలోనూ వస్తోంది, ఓఎస్ పాతదైంది కాబట్టే.

వాస్తవం: ముందు గడియారం చూడండి. తేదీ ఏళ్ల వెనక్కి పోయి ఉంటే మదర్‌బోర్డుపై ఉండే చిన్న సీమాస్ బ్యాటరీ అయిపోయింది. అది మార్చి, తేదీ సరిచేస్తే చాలు.

అపోహ: మంచి యాంటీవైరస్ ఉంటే విండోస్ 10లోనే ఉండిపోవచ్చు.

వాస్తవం: ఓఎస్‌లోనే ఉన్న రంధ్రాన్ని యాంటీవైరస్ పూడ్చలేదు. గృహ వినియోగదారుల కోసం మైక్రోసాఫ్ట్ ప్రకటించిన ఈఎస్‌యూ (పొడిగించిన భద్రతా అప్‌డేట్ల) పథకంలో చేరితే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు అందుతాయి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగులు సింక్ చేసుకునేవారికి డబ్బు కట్టకుండానే చేరే మార్గం ఉంది. ఆలోచించుకోవడానికి దొరికిన వ్యవధిగా దాన్ని చూడాలి.

పాత మ్యాక్‌బుక్‌లతో వచ్చేవారు మా ఊళ్లో తక్కువ. వారికి ఒక్క మాట: ఓపెన్‌కోర్ లెగసీ ప్యాచర్‌తో కొత్త మ్యాక్ ఓఎస్ వేసుకున్నాక అప్‌డేట్ చేస్తే వైఫై, గ్రాఫిక్స్ పోవచ్చు. కంగారుపడి మళ్లీ మొదటి నుంచి వేయకండి. రూట్ ప్యాచ్‌లను మరోసారి వేస్తే తిరిగి వస్తాయి.

అపోహ: విండోస్‌కు బదులు వాడుకునే ఓఎస్ అయిన లినక్స్ ఇంజనీర్లకే, మామూలు మనుషులకు కాదు.

వాస్తవం: బ్రౌజర్, వీడియోలు, ఆన్‌లైన్ క్లాసులు, ఉత్తరాలు టైప్ చేసుకోవడం వరకే పని ఉన్నవారికి, నాలుగో జనరేషన్ ల్యాప్‌టాప్‌లో తనిఖీలు తప్పించి విండోస్ 11 ఎక్కించడం కంటే లినక్స్ మింట్ మేలని నా గట్టి అభిప్రాయం. మింట్ 22కు 2029 వరకు అప్‌డేట్లు ఉంటాయి, ప్రాసెసర్ వయసు అడగదు. ర్యామ్ 4 జీబీయే ఉంటే తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోండి. డిస్కులో ఏమీ మార్చకుండా పెన్ డ్రైవ్ నుంచే నడిపి చూడవచ్చు. అలా చూసేటప్పుడు వైఫై, శబ్దం, కెమెరా, తెర వెలుతురు పరీక్షించండి. మూత మూసి మళ్లీ తెరిచాక మేల్కొంటోందా అన్నది మాత్రం మరచిపోవద్దు, పాత ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా తడబడేది అక్కడే. బ్రాడ్‌కామ్ వైఫై కార్డు ఉంటే డ్రైవర్ విడిగా వేయాల్సి రావచ్చు.

అయితే అందరికీ లినక్స్ అంటగట్టకూడదు. యూనికోడ్ తెలుగు అందులో బాగా నడుస్తుంది. కానీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లి పత్రికలు, కరపత్రాలు చేసే డీటీపీవారి పని విండోస్‌తోనే ముడిపడి ఉంది. ట్యాలీ వాడే వ్యాపారులదీ అదే పరిస్థితి. వేలిముద్రల పరికరంతో పింఛన్లు, ఆధార్ సేవలు చూసే కేంద్రాలవారు ఏ ఓఎస్‌కు మారాలన్నా ఆ పరికరం ఆర్‌డీ సర్వీస్ (వేలిముద్రను ఆధార్ తనిఖీకి పంపే సాఫ్ట్‌వేర్) అందులో నడుస్తుందో లేదో తయారీదారు దగ్గర ముందుగా నిర్ధారించుకోవాలి. దుకాణానికి వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్‌తో పాటు ఆ పరికరాన్ని, ప్రింటర్ మోడల్ నంబరును కూడా తీసుకురండి. ఓఎస్ వేశాక ఒక వేలిముద్ర పెట్టి, ఒక కాగితం అచ్చు తీసి చూసుకున్నాకే డబ్బులివ్వండి.