కిరాయి సైకిల్, గోల్కొండ మెట్లు

హైదరాబాద్,
ఆషాఢం, ఆదివారం

చిన్నూ, బుజ్జీ,

మొన్న ఫోన్లో చిన్నూ అడిగిన మాట నా మనసులోనే తిరుగుతోంది. "తాతా, పక్కింటి అన్న ఆట అయిపోయింది. చివర్లో ఏడ్చాడు కూడా. మరి నేను ఆన్‌లైన్లో ఆడేది రెండేళ్లయినా అయిపోదేంటి?"

మీ వయసులో నేను చిక్కడపల్లిలో ఉండేవాణ్ని. మా గల్లీ చివర సైకిల్ దుకాణంలో చిన్న సైకిళ్లు కిరాయికి ఇచ్చేవాళ్లు, గంటకు పావలా. ఎర్ర సైకిల్‌కి బెల్లు లేదు, నోటితోనే ట్రింగ్ ట్రింగ్ అంటూ తొక్కేవాణ్ని. దుకాణాయన పలక మీద సుద్దతో పేరూ టైమూ రాసుకునేవాడు. ఇక దాహమేసినా దిగేవాణ్ని కాదు, పావలా దండగవుతుందని. తిరిగిన గల్లీలోనే తిరిగి, మళ్లీ ఆ దుకాణానికే వచ్చి, ఇంకో అరగంట రాయించుకునేవాణ్ని. "ఇక చాలు, ఇంటికి పో" అని ఆయన ఏనాడూ అనలేదు. మనం తొక్కుతున్నంతసేపే కదా ఆయనకు బేరం!

నెలనెలా డబ్బు కట్టి ఆడే ఆట ఆ సైకిలే. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆట 2004 నవంబరులో వచ్చింది. అమెరికాలో నెలకు దాదాపు 15 డాలర్ల చందా. అప్పట్లో 60వ లెవెల్ చేరితే అదే పై మెట్టు. 2007లో పై మెట్టు 70 అయింది, 2008లో 80. ఎక్కినవాడు హమ్మయ్య అని కూర్చునేలోపే కొండ పెరిగింది.

ఒక బోనాల ఆదివారం మా నాన్న నన్ను గోల్కొండకు తీసుకెళ్లాడు. కింద డప్పులు, పోతరాజుల కేకలు. నా చెప్పు ఒకటి తెగితే రెండూ చేతిలో పట్టుకుని ఎక్కాను. రాయి కాలుతోంది. పైకి చేరాక "ఇంకా ఎక్కాలా నాన్నా?" అంటే, "లేదురా, అయిపోయింది" అన్నాడు. గోడ నీడన కూర్చుని అమ్మ కట్టిచ్చిన దద్దోజనం తిన్నాం. కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు దూరంగా బోర్లించిన గిన్నెల్లా ఉన్నాయి. దిగుతుంటే నాకూ ఏడుపొచ్చింది. ముగింపు ఉన్న ఆట ఆ కొండే. పక్కింటి అన్న ఏడుపు నాకు అర్థమైంది చిన్నూ. ఎన్ని వందల గంటలు సైకిల్ తొక్కానో, అందులో ఒక్క గంట కూడా విడిగా గుర్తులేదు. ఆ దద్దోజనం రుచి మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

అలాగని చందా కట్టే ఆటలన్నీ ఒకటే అనుకోవద్దు. 2003లో 'ఎ టేల్ ఇన్ ది డెజర్ట్' అని ఒక ఆట వచ్చింది. పాతకాలపు ఈజిప్టు. కత్తులూ యుద్ధాలూ లేవు, అందరూ కలిసి కట్టుకుంటూ పోవడమే. దానికీ నెల చందానే, కానీ ఏడాదికి పైగా నడిచాక ఆ ఈజిప్టు కథ ముగించేశారు. మళ్లీ అందరూ మొదటి ఇటుక నుంచి మొదలుపెట్టారు. కిరాయి సైకిల్ మీదే గోల్కొండకు వెళ్లొచ్చినట్టు!

సిటీ ఆఫ్ హీరోస్ అనే ఇంకో ఆన్‌లైన్ ఆట సంగతి వేరు. 2012 నవంబరు 30న దాని సర్వర్లు ఆపేశారు. అది ముగింపు కాదు, షట్టర్ దించేయడం. ఎక్కేవాళ్లు ఏ మెట్టు మీదుంటే అక్కడే ఆగిపోయారు. వాళ్లను తలుచుకుంటే నాకు బాధేస్తుంది.

నీ ఆటలో విజయవాడ పిల్లాడు దోస్తయ్యాడన్నావు. ఆ దోస్తు కోసం హాయిగా ఆడుకో. నాన్న ఈ నెల డబ్బు కట్టాడు కదా, ఆడకపోతే దండగ అని మాత్రం ఆడకు. దాహమేస్తే దిగు.

సెలవుకు ఇక్కడికి రండి. డప్పుల్లేని రోజు చూసుకుని, పొద్దున్నే గోల్కొండ పోదాం. కోటలోకి అడుగుపెట్టగానే ఉండే గుమ్మటం కింద బుజ్జి నిలబడి చప్పట్లు కొడుతుంది. చిన్నూ, నువ్వు పైదాకా ఎక్కి చెవులు రిక్కించి వినాలి. ఎన్నిసార్లు కొట్టిందో దిగొచ్చాక నాకు చెప్పు.

మీ తాతయ్య