కోతి మన తాత కాదు, పాలోడు: దహావీ పాఠం చుట్టూ ఉన్న అపోహలు, వాస్తవాలు

గడ్చిరోలి జిల్లాలోని మా సిరొంచ తాలూకాలో ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మహారాష్ట్ర బోర్డు దహావీ, అంటే పదో తరగతి, సైన్సు రెండో భాగంలో మొదటి పాఠమే ‘ఆనువంశికతా వ ఉత్క్రాంతీ’, అంటే వంశపారంపర్యం, జీవ పరిణామం. జూన్ నెలాఖరుకు బళ్లు తెరుస్తారు. జూలై సగానికి వచ్చేసరికి ఎవరో ఒక తండ్రో, మేనమామో గేటు దగ్గర నా కోసం నిలబడి ఉంటారు. ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను. ఒకరు హనుమంతుడి గుడి కమిటీ మనిషి, ఒకరు చర్చిలో ప్రార్థన నడిపే మనిషి, ఒకరు మసీదు పక్క కిరాణా కొట్టాయన. గుడులు వేరైనా అడిగేది ఒకటే: “మా పిల్లకు గా పాఠం చెప్పకుండ్రి సార్.”

పోయినేడు వచ్చినాయన నాలుగెకరాల పత్తి రైతు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. చెప్పులు బయట విడిచి వచ్చాడు, కుర్చీ చూపించినా కూర్చోలేదు. “సార్, పిలగాడు ఇంటికొచ్చి మన తాతలు కోతులట అన్నడు. మా నాయిన పోయి ఇంకా ఏడాది మాసికం కాలే. సచ్చినోన్ని కోతి అన్నరని మా అమ్మ రెండు దినాలాయె, సరిగ తింటలేదు. గా పాఠం నడిచినన్ని దినాలు పిలగాన్ని బయట కూసోవెట్టుండ్రి” అన్నాడు.

ఆ ముసలమ్మ బాధ నాకు అర్థమైంది. పోయిన పెనిమిటికి ఇంకా పిండం పెట్టే ఇంట్లో ‘తాత’ అనే మాటకు బరువుంటుంది. నాకు కోపం వచ్చేది ఆమె మీద కాదు. అసలు పాఠంలో లేని మాటను పాఠం పేరుతో ఊరంతా తిప్పేవాళ్ల మీద.

*అపోహ: కోతి మనిషైంది. మరి ఇప్పుడు ఒక్క కోతీ మనిషి కావడం లేదెందుకు?*

దీని మీదే ఎక్కువసేపు మాట్లాడతాను. మిగతావన్నీ కలిపినా దీనంత నష్టం చేయవు.

ముందు చుట్టరికం సంగతి. కోతి మన తాత కాదు, పాలోడు, అంటే దాయాది. మీ పెదనాయన కొడుకు, మీరు ఒకే తాత నుంచి దిగారు. అతను మీ తాత కాదు, మీరు అతని తాత కాదు. అతను ఇంకా బతికే ఉన్నాడు కాబట్టి మీరు పుట్టలేదని ఎవరూ అనరు. మనకూ చింపాంజీకీ ఉన్న ఉమ్మడి పూర్వీకులు సుమారు 60-70 లక్షల ఏళ్ల కింద ఉండేవాళ్లు. వాళ్లు ఇప్పటి కోతులూ కారు, మనుషులూ కారు. మన చెట్టు మీద కనిపించే కొండముచ్చుతో పాలు పంచుకున్నది అంతకంటే చాలా వెనక. ఇంతే. పోయిన తాతను ఎవరూ కోతి అనలేదు.

ఈ మాట చెబితే చాలామంది కుదుటపడతారు. కానీ అసలు తప్పు ఇంకా లోపల ఉంటుంది. ‘ఒక కోతి మారి మనిషైంది’ అనే వాక్యంలో ఒక జీవి తన బతుకులోనే మారుతోంది. అలా ఎక్కడా జరగదు. 2018 జనవరిలో అప్పటి కేంద్ర సహాయ మంత్రి సత్యపాల్ సింగ్, కోతి మనిషిగా మారడం మన పూర్వీకులెవరూ చూడలేదు కాబట్టి డార్విన్ చెప్పింది తప్పన్నారు. దేశంలోని మూడు సైన్సు అకాడమీలూ కలిసి ఆ మాటను ఖండించాయి. చూడలేదన్నది నిజమే. అలా జరుగుతుందని డార్విన్ కూడా ఎన్నడూ చెప్పలేదు.

మారేది ఒక జీవి కాదు, మంద. మందలో అన్నీ ఒక్క తీరుగా ఉండవు. కొన్ని బతికి పిల్లల్ని కంటాయి, కొన్ని కనకముందే పోతాయి. బతికినవాటి గుణాలు వచ్చే తరంలో ఎక్కువవుతాయి. చాటలో వడ్లు చెరిగితే ఏ తాలు గింజా గట్టి గింజ కాదు. తాలు ఎగిరిపోతుంది, గట్టిది మిగులుతుంది. పదిసార్లు చెరిగాక చాటలో ఉన్నది మొదట పోసిన కుప్పలా ఉండదు. గాలికి ఒక ఉద్దేశమంటూ ఏమీ లేదు.

ఆ రైతుకు నేను ఈ చాట సంగతి చెప్పలేదు. చేను సంగతి అడిగాను. “పత్తి ఎట్లున్నది?” అంటే ముఖం మారిపోయింది. అంతకుముందు ఏడు రెండో ఏరుడుకల్లా కాయల నిండా గులాబీ పురుగు, మావైపు బోండ్ అళీ అంటాం. “బీటీ విత్తనమే సార్. పురుగు మందుకు అలవాటువడ్డది” అన్నాడు. బీటీ అంటే పురుగును చంపే విషం చెట్టులోనే తయారయ్యేలా చేసిన పత్తి.

అలవాటు పడింది! ఈ మాట గడ్చిరోలి నుంచి ఆదిలాబాద్ దాకా ప్రతి చేనులో వింటాను. కోతి మనిషైందన్న తప్పూ ఇదీ ఒకటే తప్పు. మనిషి కల్లుకు అలవాటు పడ్డట్టు పురుగు విషానికి అలవాటు పడదు. బీటీ ఆకు తిన్న మామూలు పురుగు చచ్చింది. వేలల్లో ఎక్కడో ఒకదానికి పుట్టుకతోనే ఆ విషం ఎక్కని గుణం ఉంది, అది బతికింది. పక్కన బతికింది మళ్లీ అలాంటిదే, రెండూ జతకట్టాయి. వాటి పిల్లలకు మన చేను విందు భోజనం. చాట మనమే పట్టుకున్నాం.

బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. రెండు జన్యువుల రకం, అంటే రెండు విషాలున్నది, 2006లో వచ్చింది. మొదటి విషానికి లొంగని గులాబీ పురుగు గుజరాత్‌లో ఉందని 2010లో బయటపడింది. ఆ తర్వాత అయిదారేళ్లకే రెండు జన్యువుల రకమూ దాన్ని ఆపలేకపోయింది. ఇలా అవుతుందని ముందే తెలుసు. అందుకే 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల మామూలు విత్తనం చిన్న సంచిలో ఇచ్చేవాళ్లు, చేను చుట్టూ వేయమని. ఆ మామూలు చెట్ల మీద మామూలు పురుగులు బతకాలి. బీటీ చెట్టు మీద బతికిన ఒకటీ అరా మొండి పురుగు వాటితో జతకట్టాలి. అప్పుడు పుట్టే పిల్లలు మళ్లీ బీటీకి చస్తాయి. ఆ సంచి ఉన్నది అందుకు.

ఆ చిన్న సంచి ఏం చేశావని అడిగాను. “పురుగుకు మేపెందుకని గట్టు మీద పారేసిన. అందరం గంతే” అన్నాడు. కష్టపడి పండించేవాడు పురుగు కోసం అయిదు సాళ్లు వదలమంటే ఎందుకు వదులుతాడు? ఎందుకు వదలాలో చెప్పే పాఠం దహావీలో ఉంది. ఆ పాఠం అప్పుడే పిల్లల్ని బయట కూర్చోబెట్టమంటున్నారు. అమెరికాలోని అరిజోనాలో రైతులు ఆ మామూలు పత్తిని నిజంగానే వేశారు, పదేళ్లు దాటినా అక్కడి గులాబీ పురుగు బీటీకి చస్తూనే ఉంది. తర్వాత జతకట్టినా పిల్లలు పుట్టని గొడ్డు రెక్కలపురుగులను కూడా వదిలారు. 2018లో ఆ దేశపు పత్తి చేలల్లో గులాబీ పురుగు లేకుండా పోయిందని ప్రకటించారు. మనవాళ్లు విసిగి ఇప్పుడు మామూలు గింజల్ని బీటీ ప్యాకెట్లోనే కలిపి ఇస్తున్నారు.

మందులకు లొంగని మలేరియా కథా ఇదే. క్లోరోక్విన్‌కు లొంగని మలేరియా మన దేశంలో మొదట 1973లో అస్సాంలో కనిపించింది. మా జిల్లాకు మలేరియా గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

*అపోహ: ఇదంతా కోట్ల ఏళ్ల నాటి ముచ్చట. మన ఇంటికి సంబంధం లేదు.*

సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు సంగతి చెబుతాను. మా అక్క బిడ్డకు చిన్నప్పుడు వానాకాలం వస్తే చాలు, కాళ్లు చేతులు విరిచేసినట్టు నొప్పులు. గాలి సోకిందన్నారు, చేతబడి అన్నారు, తల్లి పుట్టింటి శాపమన్నారు. ఆ శాపం మాట మా అక్క పదకొండేళ్లు మోసింది. రక్తపరీక్షలో బయటపడింది: సికిల్ సెల్. పిల్లకు ఆ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చాయి. అక్కా వాహకురాలే, బావా వాహకుడే. నేను పరీక్ష చేయించుకుంటే నేనూ వాహకుణ్నే. జీవశాస్త్రం చెప్పే మనిషిని, నాకే తెలియదు. ఒక్క జన్యువే ఉన్న వాహకులు దాదాపు మామూలుగానే ఉంటారు. ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి.

మరి ఇంత చెడ్డ జన్యువు చాటలోంచి ఎందుకు ఎగిరిపోలేదు? దానికి జవాబు 1954లో ఆంథొనీ అలిసన్ అనే వైద్యుడు ఆఫ్రికాలో చూపించాడు. ఒక్క సికిల్ జన్యువు ఉన్న పిల్లలను మలేరియా అంత తేలిగ్గా చంపలేకపోయింది. మలేరియా ఉన్న చోట ఆ జన్యువు కాపాడింది, అందుకే మిగిలింది. అడవి జిల్లాల్లో ఇంతమందికి సికిల్ ఎందుకుందంటే, మన తాతముత్తాతలు మలేరియా అడవిలో బతికి బట్టకట్టారు కాబట్టి. ఇది శాపం కాదు, ఎవరి పాపమూ కాదు. ఈ మాట విన్న రోజు మా అక్క చాలాసేపు ఏడ్చింది. నేను ఈ పాఠం వదలకపోవడానికి కారణం ఆ రోజే.

పెళ్లికి ముందు జాతకం చూపించే ఇళ్లలో సికిల్ పరీక్ష అంటే పిల్లకు వంక పెడతారని దాస్తారు. 2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, పరీక్షలు చేసి కార్డులిస్తున్నారు. కార్డు మీది అక్షరాలు చదివి అర్థం చేసుకోవడానికి పిల్లలకు ఆ పాఠమే ఆధారం.

ఇక మా మాస్టర్ల తప్పు. వంగి నడిచే కోతితో మొదలై, వరుసగా లేచి నిలబడి, చివర మనిషి అయ్యే బొమ్మ మీరంతా చూసే ఉంటారు. నేనూ చాలా ఏళ్లు నల్లబల్ల మీద అదే గీశాను. అది చూసిన పిల్లవాడికి ఒక కోతి నడుస్తూ నడుస్తూ మనిషైందనే అనిపిస్తుంది, ఆ మాటే ఇంటికి మోసుకుపోతాడు. పదం కూడా చిక్కు పెడుతుంది. మరాఠీ ‘ఉత్క్రాంతీ’లో పైకి అడుగువేయడం ఉంది, నిచ్చెన ఎక్కినట్టు. మన ‘పరిణామం’ నయం, ఉత్త మార్పు అంటుంది. నేనిప్పుడు నిచ్చెన గీయను. మర్రిచెట్టు గీసి, ఊడల చివర కొండముచ్చునూ మనిషినీ చింపాంజీనీ పెడతాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

*‘డార్విన్ చచ్చేముందు తప్పయిందని ఒప్పుకున్నాడు.’* ఒప్పుకోలేదు. ఆయన 1882లో చనిపోయాడు, ఈ కథ 1915లో ఒక అమెరికన్ పత్రికలో పుట్టింది. చివరి రోజుల్లో పక్కనే ఉన్న ఆయన కూతురు అదంతా కల్పితమని 1922లో రాసింది. వంద ఏళ్లు దాటినా వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. ఇది పంపేవాళ్లతో నాకు ఓపిక లేదు.

*‘సర్కారే పుస్తకంలోంచి తీసేసింది.’* కేంద్రం తరఫున బడి పుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్టీ తన పదో తరగతి పుస్తకంలోంచి తీసింది, 2023లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు వద్దని ఉత్తరం రాశారు. పన్నెండో తరగతిలో ఉంది. మా పిల్లల చేతిలోని రాష్ట్ర పుస్తకంలోనూ ఉంది, పరీక్షలో మార్కులూ ఉన్నాయి.

*‘సిద్ధాంతమంటే ఊహే.’* రోగాలకు సూక్ష్మజీవులు కారణమన్నదీ సిద్ధాంతమే.

*‘మన దశావతారాల్లో ఇది ఎప్పుడో ఉంది.’* దశావతారాలు భక్తితో వినే కథ. దానికి డార్విన్ సాక్ష్యం అక్కర్లేదు, డార్విన్‌కు దాని సాక్ష్యమూ అక్కర్లేదు. రెంటినీ కలిపితే రెండూ పలచనవుతాయి.

*‘నమ్మితే దేవుణ్ని వదిలేయాలి.’* ఎవరూ వదలమనలేదు. జీవశాస్త్రంలో ఏదీ పరిణామం లేకుండా అర్థం కాదని 1973లో రాసిన జన్యుశాస్త్రవేత్త డబ్‌జాన్‌స్కీ క్రైస్తవ భక్తుడే. పోప్ రెండో జాన్ పాల్ 1996లో ఇది ఉత్త ఊహ స్థాయిని దాటిపోయిందని అన్నారు. మా నేల సంగతే చూడండి. ఇక్కడి కోట ఊరి రాళ్లలోంచి చేపల శిలాజాలు ఏరి లోకానికి చూపినవాళ్లలో ఒకరు నాగపూర్‌లో మత ప్రచారానికి వచ్చిన పాదరీ స్టీఫెన్ హిస్లాప్. నేనూ ప్రతి శివరాత్రికి నది దాటి కాళేశ్వరం వెళ్తాను.

ఒకప్పుడు నేను పనిచేసిన బడిలో పెద్దసారు ఈ పాఠం ‘చదువుకోండి’ అని చెప్పి దాటేయమన్నారు. దాటేశాను. ఆ ఏటి పిల్లలు నాకు ఇప్పటికీ గుర్తొస్తారు.

పోయినేడు దీపావళి తర్వాత పిల్లల్ని వడధం శిలాజాల పార్కుకు తీసుకెళ్లాను. రైతు కొడుకూ వచ్చాడు, నాయనమ్మను కూడా తెచ్చాడు. రాయిగా మారిన చెట్టు మొదలు చూపించి, ఇదే తాలూకాలో పోచంపల్లి దగ్గర 1958 నుంచి 1961 దాకా తవ్వితే మనిషంత పొడవైన తొడ ఎముక దొరికిందని చెప్పాను. అది ఒక పెద్ద డైనోసార్‌ది, దానికి బరాపాసారస్ అని పేరు పెట్టారు. బెంగాలీలో ‘బరా పా’ అంటే పెద్ద కాలు, రెండో పేరు టాగోరి, 1961 ఠాగూర్ శతజయంతి ఏడు కాబట్టి. దాని ఎముకల గూడు కలకత్తాలో నిలబెట్టి ఉంది. ముసలమ్మ రాతి చెట్టు మీద చేయి వేసి నిమిరింది. “గిది మా నాయిన కాలం కంటె ముందటిదా బిడ్డా?” అంది. సుమారు పద్దెనిమిది కోట్ల ఏళ్లు అన్నాను. ఆ లెక్క ఆమెకు పట్టలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా పక్క సీట్లో కూర్చుని, కోతి సంగతి మాత్రం తాను ఒప్పుకోనని చెప్పింది. సరేనమ్మా అన్నాను. సికిల్ పరీక్ష ఎక్కడ చేస్తారని అడిగింది, మనవరాలికి సంబంధాలు చూస్తున్నారట. గ్రామీణ రుగ్ణాలయానికి, అంటే సర్కారు దవాఖానకు, పొద్దున పదింటికి రమ్మన్నాను. మరునాడు మనవరాలితో పాటు మనవణ్నీ వెంటపెట్టుకుని వచ్చింది.