వంటపందిట్లోంచి చూసిన పెళ్ళి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

"సవతితల్లి ఇంట్లో బాధలు పడి చివరికి రాకుమారుణ్ణి పెళ్ళాడిన సిండ్రెల్లా కథను సవతి అక్క చెబితే అది అబద్ధం కథ అవుతుందా తాతయ్యా?" అని మీలో చిన్నది మొన్న అడిగింది. వెంటనే జవాబు తోచక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా తొమ్మిదో ఏట మా చిన్నత్త పెళ్ళి జరిగింది. కుక్కలు రాకుండా చూడమని నాయనమ్మ నన్ను వంటపందిట్లో గాడిపొయ్యి పక్కన కూర్చోబెట్టడం వల్ల మంగళసూత్రధారణ నేను చూడలేదు, గట్టిమేళం మాత్రం విన్నాను. అప్పుడు నా ఎదుట గుమ్మడికాయ తరుగుతున్న పెద్దత్త ఉంది. భర్త పోయినవారు శుభకార్యంలో ముందుకు రాకూడదని ఆనాటి పెద్దలు ఆమెను వెనకే ఉంచారు. ఆ కట్టుబాటు అన్యాయమని నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. మేళం వినగానే ఆమె కత్తిపీట మీద చెయ్యి ఆపి, పక్కనున్న చేటలోంచి నాలుగు బియ్యపు గింజలు తీసి, పందిరి వైపు చల్లి, మళ్ళీ తరగసాగింది. ఆ అక్షతలను నేను తప్ప ఎవరూ చూడలేదు. పందిట్లోవారు చూసిన పెళ్ళీ నిజమే, నేను చూసిన పెళ్ళీ నిజమే.

సిండ్రెల్లా కథకు కూడా అటువంటి వంటపందిరి ఉంది. ఫ్రాన్సులో షార్ల్ పెరో 1697లో ప్రచురించిన కథలో ఆమె సవతి అక్కలను క్షమించి, గొప్పింటివారికిచ్చి పెళ్ళి చేస్తుంది. జర్మనీలో గ్రిమ్ సోదరులు 1812లో మొదట ప్రచురించి, తరువాత సవరిస్తూ వచ్చిన కథ అంత మెత్తనిది కాదు. సిండ్రెల్లా జారవిడిచిన బంగారు చెప్పు ఎవరి కాలికి సరిపోతే ఆమెనే రాకుమారుడు పెళ్ళాడతానంటాడు. ఆ చెప్పు పట్టకపోతే, రాణివయ్యాక నడిచే పనే ఉండదంటూ సవతితల్లి తన పెద్దకూతురికి కత్తి అందిస్తుంది. ఆ పిల్ల కాలివేలు కోసుకుని, నొప్పిని పంటి బిగువున అణచుకుని రాకుమారుడి దగ్గరకు వెళుతుంది. పాతకథ అక్కడ ఆగకుండా సాగిపోతుంది. ఆ కథనే మరొకరి వైపు నుంచి కొత్త నవలగా రాసేవారు ఆగేది సరిగ్గా అక్కడే.

అమెరికా రచయిత గ్రెగరీ మగ్వైర్ 1999లో ప్రచురించిన 'కన్ఫెషన్స్ ఆఫ్ యాన్ అగ్లీ స్టెప్‌సిస్టర్' (ఒక అనాకారి సవతి అక్క ఒప్పుకోళ్ళు) నవలలో ఈ కథ 17వ శతాబ్దపు హాలండులో, హార్లెం పట్టణంలో నడుస్తుంది. ఆ దేశంలో తులిప్ అనే పూలమొక్క దుంపల ధరలు ఆకాశానికంటి, 1637లో ఒక్కసారిగా కూలిన కాలమది. ఇద్దరు కూతుళ్ళతో ఇంగ్లండు నుంచి పారిపోయి వచ్చిన ఆ సవతితల్లి ఆకలి భయం అందులో మనకు కనబడుతుంది. ఆ భయం తెలిసినంత మాత్రాన ఆమె క్రూరత్వం ఒప్పయిపోదు, పెద్దత్త దుఃఖం తెలిసినందువల్ల చిన్నత్త సంతోషం తరిగిపోనట్లే.

అయితే పాతకథ తెలియకుండా ఇటువంటి నవల చదవకండి. గట్టిమేళం వినబడకపోతే, కత్తిపీట మీద ఆ చెయ్యి ఎందుకు ఆగిందో నాకు తెలిసేది కాదు గదా!

ఈ సెలవుల్లో గ్రిమ్ కథ తీసి, రాకుమారుడు పెద్దకూతురిని గుర్రమెక్కించుకునే చోట పుస్తకం మూసి పక్కన పెట్టండి. కాలు రక్తమోడుతుండగా ఆ పిల్లకు దారిలో ఏమేమి కనిపించాయో ఆలోచించి నాకు రాయండి.

మీ తాతయ్య